అప్‌డేట్: పాలు పితకబోతే తన్నే జెర్సీ క్రాస్ ఆవు, కారణం తెలిసింది

తొలిచూలు ఈనిన మా ఆవు పాలు పితకబోతే తన్నుతోందని, అమ్మని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వట్లేదని ఇక్కడ అడిగాను. సలహాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు పొదుగు చూపించండి" అన్న సలహాయే పనిచేసింది. పశువుల డాక్టర్ గారు చూస్తే వెనక కుడి చన్ను మీద సన్నటి పగులు, ఆ వైపు పొదుగువాపు వ్యాధి మొదలైంది. పైకి వాపేమీ కనబడలేదు. సీఎంటీ పరీక్షలో (పాలలో ఒక ద్రావణం కలిపి పొదుగువాపును పసిగట్టే పరీక్ష) ఆ చన్ను పాలు జిగురుగా చిక్కబడటంతో తేలింది. మందులు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు దాకా పాలు పారబోశాం.

నొప్పి తగ్గినా భయం వెంటనే పోలేదు. ఆవుకు సరిగ్గా తన వెనక ఉన్నది కనబడదు. అందుకే భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లి, మెడ నిమిరి, దూడను వదిలి, చేపాకే (పాలు చన్నుల్లోకి దిగాకే) పితకడానికి కూర్చుంటున్నాం. బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి చేపు ఆగిపోతుందని డాక్టర్ గారు చెప్పారు. కొట్టంలో అరుపులు, కర్ర పూర్తిగా మానేశాం. ఇప్పుడు నన్నూ పితకనిస్తోంది, చాలా సంతోషంగా ఉంది.

దాణా మార్చడం, దిష్టి తీయడం వల్ల తేడా ఏమీ రాలేదు. వెనక కాళ్లు కట్టేస్తే మాత్రం ఇంకా బెదిరిపోయింది, పాపం.