వెన్నపాలా, వెన్నెల పాలా?

నీలికలువ: నిన్న మేడ మీద పాపకు పెరుగన్నం పెడుతూ ‘చందమామ రావో జాబిల్లి రావో’ అందుకుని రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ‘మంచి కుందనపు పైడికోర వెన్నపాలు తేవో’ అని అందరూ పాడతారు. మా అమ్మమ్మ మాత్రం ‘వెన్నెల పాలు’ అనేది. నా చెవిలో అదే ఉండిపోయింది. అన్నమయ్య ఏమన్నట్టు?

గోదారి మాస్టారు: వెన్నపాలేనమ్మా. ‘వెన్నెల’ పెడితే అక్షరం పెరిగి నడక కుంటుతుంది, చప్పట్లు కొడుతూ పాడి చూడు. పైగా ఆ తేవడం ఎవరికి? చరణంలో ‘మా నీలవర్ణునికి’ అన్నాడు కదా. ఆయనకు వెన్న కాక ఇంకేం తెస్తారు?

తాటాకు: అసలు విషయం ‘కోర’లో ఉంది మాస్టారూ. కోరంటే గిన్నె. పైడి గిన్నె, దాని నిండా తెల్లటి పాలు. అది చంద్రబింబమే కదా! ‘వలె’ లేదు, ‘బింబం’ అనే మాటా లేదు. ఉపమేయాన్ని, అంటే పోలుస్తున్న అసలు వస్తువును, పూర్తిగా మింగేసిన రూపకాతిశయోక్తి అలంకారం.

గోదారి మాస్టారు: మరి గిన్నె పైడిది ఎందుకైంది? చంద్రుడు తెలుపు కదండీ.

తాటాకు: పున్నమినాడు తూర్పున చూడండి. చెట్ల మీదుగా లేచేటప్పుడు ముద్ద పసుపు. రెండు మూడు గడియల్లో పైకొచ్చి తెల్లబడతాడు. ముందు గిన్నె, తర్వాత పాలు. నేనైతే అలాగే చదువుకుంటాను.

గోదారి మాస్టారు: బిడ్డకు పాలడిగే తల్లి నోట అంత అలంకారం పలుకుతుందా?

తాటాకు: అన్నమయ్య నోట పలుకుతుంది. ‘ఏమొకో చిగురుటధరమున’ తీయండి. ‘నఖశశిరేఖలు’ అని గోటి నొక్కులను నెలవంకలు చేశాడు. పయ్యెద దాటిన మెరుగులు ‘వేసవికాలపు వెన్నెల కాదు కదా’ అని ఊహించాడు. ఉత్త వెన్నెల కాదు, వేసవికాలపు వెన్నెల! ఆ ఒక్క మాటకు ఎన్నిసార్లు పుస్తకం మూసి కూర్చున్నానో.

చెన్నపట్నం కోడలు: మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా అత్తగారింట్లో తమిళం, వెన్నను వెణ్ణెయ్ అంటారు, అంటే తెల్ల నెయ్యి. తెల్ల జాబిల్లి వెణ్ణిలా. కన్నడంలో బెణ్ణె, బెళదింగళు. మన వెన్నా వెన్నెలా కూడా ఆ తెలుపులోంచే పుట్టాయి. నెల అంటే చంద్రుడే కదా, నెలవంకలో ఉన్నట్టు. అమ్మమ్మగారు తప్పు పాడారని నేను అనలేను.

గోదారి మాస్టారు: వ్యుత్పత్తి బాగుందమ్మా. పాఠం మాత్రం వెన్నపాలే.

తాటాకు: పాఠం మీది, గిన్నె నాది.

నీలికలువ: ఇవాళ మళ్ళీ పాడి చూశాను. అమ్మమ్మ ‘వె’ దగ్గర ఊపిరి తీసుకుని ‘న్నెల’ను తొందరగా అనేసేది, అందుకే నడక తప్పేది కాదు. పాప మాత్రం ‘తేవో’ అనగానే గిన్నె పైకెత్తి ఆకాశానికి చూపించింది.