రైతు సాయం పొలం ఉన్నవాడికా, పొలంలో ఉన్నవాడికా?

పొలంగట్టు:
తెలంగాణ ప్రభుత్వం పంట పెట్టుబడికి ఇచ్చే రైతు భరోసా డబ్బులు పడ్డాయని మా చుట్టాల గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టుకున్నారు. ఇద్దరు కూకట్‌పల్లిలో ఉంటారు, ఒకాయన డల్లాస్‌లో. ఎకరాకు సీజనుకు 6,000 రూపాయలు. ఆ పొలాలు దున్నేది మా ఊరి కౌలు రైతులు, వాళ్లకు పైసా రాలేదు. 2023 ఎన్నికలప్పుడు కౌలు రైతులకూ ఇస్తామన్న మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. సూటిగా అడుగుతున్నా. పెట్టుబడి సాయం అని పేరు పెట్టి ఇచ్చే డబ్బు పెట్టుబడి పెట్టేవాడికి పోవాలా, అక్కర్లేదా?

టెక్కీ రైతు:
మా తాత చెమటోడ్చి కొన్న పొలం అది. నేను నెలనెలా ఇన్‌కం ట్యాక్స్ కడుతున్నా, ప్రభుత్వం నుంచి నాకు తిరిగొచ్చేది ఇదొక్కటే. కౌలు నాకూ అతనికీ మధ్య మాట. అతని పేరు సర్కారు కాగితం ఎక్కితే రేపు పొలం నాకు దక్కుతుందని ఎవరు హామీ ఇస్తారు? రక్షిత కౌలుదారు, అంటే పొలం మీద చట్టం హక్కు ఇచ్చిన కౌలుదారు, ఆ కేసులంటూ కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లను మా ఊళ్లోనే చూశాను.

దాళ్వా:
మాది కోనసీమ అండి. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు, మాకు ఇల్లు తప్ప సెంటు భూమి లేదు. ఒక్క ఎకరం లెక్క చెబుతా. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, 30 బస్తాలు అయితే బాగా పండినట్టే. అందులో 12 కౌలుకు పోతాయి. మిగిలిన 18 బస్తాలు, 75 కిలోల బస్తాకు 2025-26 మద్దతు ధర 1,777 చొప్పున దాదాపు 32 వేలు. దమ్ము, ఊడ్పు, ఎరువు, మందులు, కోత మిషను అన్నీ కలిపితే 28 వేలు. నాలుగు నెలల కష్టానికి నాలుగు వేలు! అదీ మద్దతు ధర పూర్తిగా దక్కితే. తేమ 17 శాతం దాటిందని తరుగు తీస్తే అవీ ఉండవు. మా అమ్మ కలుపు తీసిన రోజులకు కూలి ఇందులో వేయలేదు. ఇంట్లో మనిషికి కూలి ఎవరు రాస్తారు?

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫానుకు చేను పడిపోయింది. నష్టం రాయడానికి వచ్చినాయన చేలోకి దిగకముందే అడిగాడు, ఏ చేలో ఏ పంట ఎవరిదో రాసే సర్కారు ఆన్‌లైన్ లెక్క ఈ-క్రాప్‌లో పేరు ఎవరిదని. మూడెకరాలు ఒకాయనవి, పేరు ఆయనదే. నీళ్లలో నిలబడి ఉన్నది మా నాన్న. సంక్రాంతికి ఆయన కౌలు ఒక్క బస్తా తక్కువ కాకుండా కొలిచాం, లేకపోతే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

పంతులమ్మ:
యజమానులందరూ డల్లాస్‌లో లేరు బాబూ. మా పక్కింటావిడకు ఎకరంన్నర ఉంది, భర్త లేడు, కొడుకు పట్టించుకోడు. ఆ కౌలు గింజలే ఆవిడ తిండి, బీపీ మాత్రలు. సాయం డబ్బు ఆవిడకు ఆపేస్తే అది ఏం న్యాయం? ఆవిడనీ ముప్పై ఎకరాల ఆసామినీ ఒకే గాటన కట్టకండి.

దాళ్వా:
నిజమే మేడం. మా నాన్న చేసే నాలుగో ఎకరం అలాంటి ఒక మామ్మగారిదే. తుఫాను ఏడాది ఆవిడ అడక్కుండానే నాలుగు బస్తాలు వదిలేసింది.

అడంగల్:
రెవెన్యూలో చేసి రిటైరైనవాణ్ణి. టెక్కీ రైతు గారి భయం ఉత్తిది కాదు. తెలంగాణ ప్రాంతంలో 1950 కౌలు చట్టం, అందులో 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదార్లకు ఇచ్చిన యాజమాన్య పత్రాలు, ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలు చట్టం, వీటి వల్లే కౌలు కాగితం మీద పెట్టొద్దని తాతల నాటి నుంచి నేర్చుకున్నారు. కానీ కౌలు రైతుకు ఇచ్చే ఇప్పటి కార్డులు వేరు. 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. గ్రామంలో విచారించి ఇచ్చేవాళ్లం. ఆంధ్రలో 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కార్డు గడువు 11 నెలలు, భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాశారు. యజమాని ధైర్యంగా ఉండాలని సంతకం తప్పనిసరి చేశారు. అక్కడే బండి ఆగింది. ఆంధ్ర ప్రభుత్వ రైతు సాయం అన్నదాత సుఖీభవ కౌలు రైతుకూ ఇస్తామన్నా ఆ కార్డే అడుగుతారు.

సంతకం పెట్టకపోవడానికి భూమి పోతుందన్న భయం ఒక్కటే కారణం అనుకోవద్దు. ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే పొలానికి రెండో రుణం బ్యాంకువాళ్లు ఇవ్వరు. అలా ఏడాదికి ఏడు శాతం వడ్డీ రుణం సాగు చేయని మనిషికి, నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ సాగు చేసే మనిషికి. అసలు దెబ్బ ఇక్కడ ఉంది, మీరు ఆరు వేల దగ్గరే కొట్టుకుంటున్నారు.

టెక్కీ రైతు:
మరి సంతకం లేకుండా ఎవడో వచ్చి నా పొలం నేనే చేస్తున్నానని రాయించుకుంటే?

అడంగల్:
పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలైనప్పుడు ఇదే అన్నారు. అధికారులు పల్లెల్లో సాయంత్రం పూట అందరినీ కూర్చోబెట్టి, ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊరి ముందే అడిగి రాసుకున్నారు. పాలుకు చేసే రైతుల పేర్లు 14 లక్షలకు పైగా నమోదయ్యాయి. ఫలానా చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు సార్.

పత్తిచేను:
మా తెలంగాణ దిక్కు కార్డుల ముచ్చటే లేదు. పాత భూమి రికార్డు పహాణీల, పొలం ఎవరు చేస్తుండ్రో రాసే అనుభవదారు కాలమ్ ఉండేది, ఆన్‌లైన్ రికార్డు ధరణి వచ్చినంక అదీ పోయింది. రైతు బీమా చూడండి. 2018 నుంచి ఉంది, పట్టా ఉన్న రైతు 59 ఏళ్ల లోపు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు. మంచి పథకమే, కాదనను. మా బాబాయి ఎనిమిదెకరాల పత్తి కౌలుకు చేసేటోడు, కౌలు పైసలు ముందే కట్టి. చేను గులాబీ పురుగు తిన్న ఏడు పురుగుల మందు తాగిండు. సెంటు పట్టా లేదు గనుక మా పిన్నికి బీమా రాలేదు. ఆత్మహత్య పరిహారానికి పోతే కౌలు కాగితం అడిగిండ్రు. నోటి మాట కౌలుకు కాగితం ఎక్కడిది?

ఇంకోటి. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు పోస్తే ఓటీపీ పట్టాదారు ఫోన్‌కు పోతది. నిరుడు మా దోస్తు కాంటా కాడ నిలబడి పట్నంల ఉన్న సారుకు ఫోన్ మీద ఫోన్. ఆయన మీటింగులో ఉన్నడు. వెనక ట్రాక్టర్లోళ్లు తిట్టుడు. పైసలు కూడా సారు ఖాతాలనే పడ్డయి, కౌలు పట్టుకుని మిగిలింది పంపిండు.

పొలంగట్టు:
ఆ కాంటా దగ్గర పరిస్థితి చదివాక నా మాట ఇంకా గట్టిగా చెబుతా. వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదో తెలియక యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి కౌలు రైతు. ఆ మనిషితోనే, వెళ్లి యజమాని చేత సంతకం పెట్టించుకురా, అప్పుడు నిన్ను రైతు అంటాం అని ప్రభుత్వం చెబుతోంది. గట్టిగా అడిగితే పొలం పోతుంది, అడక్కపోతే కార్డు రాదు. పంతులమ్మ గారి పక్కింటావిడకు వేరే దారి ఉంది, వితంతు పింఛను పెంచండి, నేనూ వచ్చి అడుగుతా. విత్తనాల డబ్బు మాత్రం విత్తనాలు కొనేవాడికి ఇవ్వండి.

టెక్కీ రైతు గారూ, ఒక్కటి చెప్పండి. 2018లో ఈ సాయమే రైతుబంధు పేరుతో మొదలై ఎకరాకు డబ్బు రావడం మొదలయ్యాక, మీరు తీసుకునే కౌలు ఏమైనా తగ్గించారా?

టెక్కీ రైతు:
తగ్గించలేదు. పక్క పొలాలవాళ్లు పెంచారు, నేను పెంచలేదు. అదీ చెప్పాలి కదా.