ఫెర్న్ ఆకుల కింద చుక్కలు: సిద్ధబీజాలా, పురుగులా?

నా దగ్గర నాలుగేళ్లుగా పెరుగుతున్న బోస్టన్ ఫెర్న్ ఉంది. తూర్పు కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలని చోట వేలాడదీశాను. నెల రోజులుగా చిట్టి ఆకులు పసుపుబారి, చేయి తగిలితే చాలు జలజలా రాలిపోతున్నాయి.

ఆకు తిప్పి చూస్తే అంచుల వెంట వరుసగా, సమాన దూరంలో గోధుమరంగు చుక్కలున్నాయి. అవి సిద్ధబీజాల గుంపులని, అంటే ఫెర్న్‌కు విత్తనాల్లాంటివని తెలుసు, వాటితో భయం లేదు. నా దిగులంతా నడి ఈనె మీద ఉన్నవాటి గురించే. అవి వరుస లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి అంటుకుని ఉన్నాయి. గోటితో గీస్తే ఊడి వస్తున్నాయి, కింది ఆకులు జిగటగా ఉన్నాయి. పొలుసు పురుగులే అనుకుంటున్నాను.

తడి దూదితో ఒక్కొక్కటే తుడుస్తున్నాను, కానీ ఇన్ని ఆకుల్లో ఎన్నని తుడవను? వేపనూనె చల్లితే ఆకులు మాడిపోతాయేమోనని చేయి రావడం లేదు. ఫెర్న్‌కు ఎవరైనా వాడి ఉంటే, లీటరు నీటికి ఎంత కలిపారో దయచేసి చెప్పండి. లేదంటే ఆకులన్నీ మొదలంటా కత్తిరించేస్తే మళ్లీ చిగురిస్తుందా? మధ్యలో పిడికిలి బిగించినట్టు చుట్టుకున్న కొత్త చిగుళ్లు నాలుగున్నాయి. వాటినైనా కాపాడుకోవాలి. పక్క కుండీలను ఇప్పటికే దూరంగా జరిపాను.