వన్‌వే ఫంక్షన్‌ని ‘ఏకముఖ ప్రమేయం’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. పాస్‌వర్డుల వెనకున్న లెక్కల గురించి పదో తరగతి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘వన్‌వే ఫంక్షన్’ (ముందుకు లెక్కించడం తేలిక, జవాబు నుంచి వెనక్కి రావడం కష్టం అయిన లెక్క) అని అలాగే ఉంచితే మా అమ్మ చదివి, “ఎవరి ఇంట్లోరా?” అంది. తప్పు ఆవిడది కాదు. మనకు ఫంక్షన్ అంటే హాలు, భోజనాలు, కవర్లో 516 రూపాయలు.

ఇంటర్ లెక్కల పుస్తకంలో ఫంక్షన్‌కి ‘ప్రమేయం’ అని ఉంది కాబట్టి ‘ఏకముఖ ప్రమేయం’ అని మార్చాను. పేపర్లో పనిచేసే స్నేహితుడు అది చూసి, “ప్రమేయం అంటే ఫలానా కేసులో ఫలానా వాడి ప్రమేయం ఉందా లేదా అనేగా?” అన్నాడు. ఇంకొకాయన ‘తిరుగులేని ప్రమేయం’ అనమన్నారు. వెనక్కి తిరిగి రాలేనిది అని ఆయన ఉద్దేశం, కానీ తిరుగులేని అంటే ఎదురులేని అని కదా మనకు! ఏం చేయమంటారు?

జవాబు:
ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెలుగు మీడియంలో మొదటి పాఠమే ప్రమేయాలు. అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం అని పిల్లలు పద్యంలా వల్లించేవారు. కాబట్టి ‘ప్రమేయం’ వద్దనకండి, అలవాటైన మాట. ‘విలోమం లేని ప్రమేయం’ అని మాత్రం పొరపాటున కూడా రాయకండి. ద్విగుణం అంటే ఇటు ఒక్కోదానికి అటు ఒక్కోటి చొప్పున, ఏదీ మిగలకుండా జతకుదిరేది. అలా కాని ప్రమేయానికి విలోమం, అంటే వెనక్కి తెచ్చే ప్రమేయం, ఉండదని మేం నేర్పిస్తాం. మీరు చెప్పేది వేరే సంగతి అనుకుంటాను.

జవాబు:
వేరే సంగతేనండి మాస్టారూ. నేను సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, మా వాళ్లలోనూ చాలామంది ఇక్కడే పొరబడతారు. చిన్న ఉదాహరణ చెప్తాను. 3కి వరసగా ఘాతాలు (3, 3×3, 3×3×3 అలా) తీసుకుని, ఒక్కోదాన్ని 17తో భాగించి శేషం రాయండి. ఘాతం 1 నుంచి 16 దాకా వరసగా 3, 9, 10, 13, 5, 15, 11, 16, 14, 8, 7, 4, 12, 2, 6, 1 వస్తాయి. ఒక్క అంకె కూడా రెండోసారి రాలేదు, 1 నుంచి 16 దాకా ఏదీ మిగల్లేదు. అంటే మీ భాషలో నిక్షేపంలాంటి ద్విగుణ ప్రమేయం. విలోమం ఉంది. కానీ శేషం 12 ఇచ్చి ఘాతం ఎంత అని అడిగితే? ఆ వరసలో చూపు ఎలా గెంతుతోందో చూడండి, 16 తర్వాత 14, 14 తర్వాత 8. పట్టుకోడానికి ఏ జాడా లేదు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే 13 అని తేలుతుంది.

17 బదులు ఆరువందల అంకెల ప్రధాన సంఖ్య పెట్టండి. ముందుకు వెళ్లడం ఇప్పటికీ తేలికే, వర్గం మీద వర్గం చేసుకుంటూ పోతే దాదాపు రెండువేల వర్గాలు, మధ్యమధ్యలో గుణకారాలతో పనైపోతుంది, కంప్యూటర్‌కి కనురెప్పపాటు. వెనక్కి రావడానికి మాత్రం, సంఖ్యను జాగ్రత్తగా ఎంచుకుంటే, ఇప్పుడున్న పద్ధతులతో, ఇప్పుడున్న కంప్యూటర్లతో కుదిరే పని కాదు. డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో చెప్పిన తాళంచెవి పంపకం (ఇద్దరు మూడోవాడికి తెలియకుండా ఒకే రహస్య సంఖ్యను కుదుర్చుకునే పద్ధతి) నిలబడింది దీని మీదే. దారి లేకపోవడం కాదు, ఆ దారిన నడవలేకపోవడం. అందుకే ‘ఏకముఖ’ నాకు నచ్చింది. ముఖం ఒకవైపే తిరిగి ఉంది, అంతే.

జవాబు:
నేను బెంగళూరులో కన్నడ మీడియంలో చదువుకున్న తెలుగమ్మాయిని. ఈ చర్చ చూసి నవ్వొచ్చింది. మా పుస్తకాల్లో ప్రమేయ అంటే థియరమ్! పైథాగరస్ ప్రమేయ అని నేర్చుకున్నాం. హిందీ, మరాఠీ వాళ్లకీ అంతే. ఫంక్షన్‌ని హిందీలో ఫలన్ అంటారు. హైదరాబాద్ వచ్చాక మా కజిన్ “ఈరోజు ప్రమేయాలు చెప్పారు” అంటే, “ఎవరి ప్రమేయం?” అని అడిగాను. పాపం, కేసు గురించి అడుగుతున్నాననుకుంది.

జవాబు:
మూడు అర్థాలూ ఒకే వేరు నుంచి వచ్చినవే. ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. ప్రమాణం అంటే తెలుసుకునే సాధనం, ప్రమేయం అంటే దానితో తెలుసుకోదగినది. న్యాయశాస్త్రంలో (కోర్టుల న్యాయం కాదు, పాతకాలపు తర్కశాస్త్రం) మొదటి సూత్రమే ‘ప్రమాణ ప్రమేయ సంశయ’ అని మొదలవుతుంది, ఆత్మ మొదలు అపవర్గం దాకా పన్నెండు ప్రమేయాలు చెప్పారు. విష్ణు సహస్రనామంలో ‘అప్రమేయో హృషీకేశః’ రోజూ చదువుతాం కదా, కొలతకు అందనివాడు. ఆ లెక్కన థియరమ్‌కి ఈ మాట బాగా నప్పుతుంది, ప్రమాణంతో తేలేది కాబట్టి. x విలువ ఇస్తే తన విలువ తేలిపోయేది అనుకుంటే ఫంక్షన్‌కీ నప్పుతుంది. కేసులో ప్రమేయం అన్న వాడుకే వీటిలో అన్నిటికన్నా దూరం జరిగింది.

థియరమ్‌కి మనవాళ్లు ‘సిద్ధాంతం’ తీసుకున్నారు. దాన్నే థియరీకీ వాడేసి మరో చిక్కు తెచ్చుకున్నారు. సంఖ్యా సిద్ధాంతం అంటే శాఖ, పైథాగరస్ సిద్ధాంతం అంటే ఒక్క వాక్యం. పైగా ఊళ్లో పంచాంగం రాసే సిద్ధాంతిగారు ఉండనే ఉన్నారు.

జవాబు:
సెక్యూరిటీ మనిషినే మళ్లీ వచ్చాను. పై రెండు జవాబులూ కలిపి చదివితే ఒక తమాషా తట్టింది. ఏకముఖ ప్రమేయం అనేది నిజంగా ఉందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు! అంటే తెలుగు ప్రమేయానికి కన్నడ ప్రమేయ లేదు. నిరూపిస్తే పి (జవాబు త్వరగా కనుక్కోగల సమస్యలు), ఎన్‌పి (జవాబు ఇస్తే సరో కాదో త్వరగా చూడగల సమస్యలు) ఒకటి కావని కూడా తేలిపోతుంది. 2000లో క్లే సంస్థ ఒక్కోదానికి పది లక్షల డాలర్లు ప్రకటించిన ఏడు సమస్యల్లో అదొకటి. ఆర్‌ఎస్‌ఏ (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో సందేశానికి తాళం వేసే పద్ధతి) కూడా అంతే. తాళం వేసిన సందేశం మళ్లీ సరిగ్గా తెరుచుకుంటుందనడానికి ఫెర్మా, ఆయిలర్‌ల సిద్ధాంతాలున్నాయి. పరాయివాడు తెరవలేడన్నది మాత్రం, ఇన్నేళ్లుగా ఎవరివల్లా కాలేదన్న అనుభవం మీద పెట్టుకున్న నమ్మకం. 1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్యను 1994లో ఆరువందల మంది దాకా కలిసి రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టారు. అప్పటినుంచి సంఖ్యలు పొడుగవుతూ వచ్చాయి.

వ్యాసంలో ఈ తేడా రాయండి. పిల్లలకు చెప్పకుండా దాచేది కాదిది.

ప్రశ్న వేసినవారు:
తప్పకుండా రాస్తాను. అయితే ఇంకో మాట కూడా కావాలి. ఆర్‌ఎస్‌ఏలో రెండు ప్రధాన సంఖ్యలూ తెలిసినవాడు ఇట్టే వెనక్కి రాగలడు కదా. దాన్ని ఇంగ్లీషులో ట్రాప్‌డోర్ అంటున్నారు. ‘దొడ్డిదారి’ అందామా?

జవాబు:
వద్దండి! దొడ్డిదారి బ్యాక్‌డోర్‌కి అచ్చంగా సరిపోయే మాట, దాన్ని దానికే ఉంచండి. తాళం చేసినవాడు ఎవరికీ చెప్పకుండా పెట్టుకునే కన్నం అది. ట్రాప్‌డోర్ దొంగతనం కాదు, సొంతదారు దగ్గర న్యాయంగా ఉండే రహస్యం.

జవాబు (మాస్టారు):
‘గుట్టు’ అనండి. గుట్టున్న ఏకముఖ ప్రమేయం. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత మన పిల్లలకు తెలుసు. ఆ రెండు సంఖ్యలూ బయటపడితే ఏమవుతుందో వేరే వివరించక్కర్లేదు. బోర్డు మీద 3, 11 తీసుకుని చేసి చూపించండి, లబ్ధం 33. సందేశం 4 అనుకోండి. దాన్ని ఘనం చేస్తే 64, 33తో భాగిస్తే శేషం 31. అది పంపండి. గుట్టు తెలిసినవాడు 31కి ఏడో ఘాతం వేసి 33తో భాగిస్తే మళ్లీ 4 వస్తుంది. ఏడు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? 3 నుంచి, 11 నుంచి ఒక్కొక్కటి తీసేసి గుణిస్తే 20. ఇందాక ఘనం చేశాం కదా, ఆ మూడుని ఏడుతో గుణిస్తే, మూడేళ్లు ఇరవై ఒకటి, 20తో భాగిస్తే శేషం 1. అందుకని. మా పిల్లలైతే ఇది చూసి చప్పట్లు కొట్టేవాళ్లు.

ప్రశ్న వేసినవారు:
‘గుట్టు’ ఖాయం చేసేశాను మాస్టారూ. ‘ఏకముఖ ప్రమేయం’ కూడా ఉంచుతున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం పక్కనే వన్‌వే ఫంక్షన్ అని కూడా రాస్తాను.

జవాబు:
బాగుంది. కానీ శీర్షికలో ‘పాస్‌వర్డులో ప్రమేయం’ అని పెట్టకండి. మీ పేపరు స్నేహితుడు క్రైమ్ పేజీలో వేసేస్తాడు.