ఒకటో తరగతి పిల్లలతో బొంగరాలు: అట్టవి నిలబడట్లేదు

ప్రశ్న (నరసన్నపేట దగ్గర టీచర్):
అందరికీ నమస్కారం. నాకు ఒకటి, రెండు తరగతులు. ఒకబ్బాయి ఇంటి నుంచి కర్ర బొంగరం తెచ్చాడు, అప్పట్నుంచి క్లాసంతా అదే గోల, సరే కానివ్వమని అట్ట ముక్కలకి చీపురు పుల్లలు గుచ్చి చేయిస్తున్నాను గానీ ఇలా తిప్పగానే అలా ఒరిగిపోతున్నాయి. నేనే సరిచేసి ఇస్తే వాళ్లకి నేర్చుకోడానికి ఏం మిగలదు. వాళ్లే కనిపెట్టేలా ఎలా నడపాలి? ఈ వయసుకి మేకు బొంగరం ఇవ్వొచ్చా?

జవాబు (గజపతినగరం):
మేడమ్, ముందు పుల్ల మార్చండి. చీపురు పుల్ల వంగిపోతుంది, చిన్న వేళ్లకి పట్టు దొరకదు. అరిగిపోయిన పెన్సిల్ ముక్క బాగుంటుంది, చెక్కిన మొన కిందకి పెడితే సరి. నడిమధ్య కావాలంటే డబ్బా మూత పెట్టి కాగితం మీద గీసి కత్తిరించి, సగానికి మడిచి మళ్లీ సగానికి మడిచి విప్పమనండి, మడతలు కలిసిన చోటే మధ్య. దాన్ని అట్టకి అంటించాక బెజ్జం మాత్రం మీరే దబ్బనంతో పెట్టండి. అక్కడితో ఆపేయండి. అట్టని పెన్సిల్ మీద పైకీ కిందకీ జరుపుకోనిచ్చి, ఎక్కడున్నప్పుడు ఎక్కువసేపు తిరిగిందని అడగండి చాలు. బరువు నేలకి దగ్గరగా ఉంటే తొందరగా పడదని మీరు చెప్పక్కర్లేదు, కాసేపటికి వాళ్లే కిందకి నొక్కడం మొదలెడతారు.

జవాబు (రాజాం):
దీనికి బంకమట్టి కూడా కలపండి. అట్ట అంచున ఎదురెదురుగా రెండు సమానమైన ఉండలు అంటించి తిప్పాక, ఒకటి పీకేసి మళ్లీ తిప్పమనండి. వణుకుతూ గచ్చంతా తిరిగి పడిపోతుంది, ఎందుకో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు, ఆ వాదనే అసలు పాఠం. స్కెచ్ పెన్‌తో అంచు దగ్గర ఒక్క చుక్క పెట్టిస్తే తిరిగేటప్పుడు గుండ్రటి గీత అయిపోతుంది. మా క్లాసులో ఒక పాప "చుక్క పరిగెడతంది మాస్టారూ" అంది, నేను చెప్పినా అంత బాగా చెప్పలేను.

జవాబు (విజయనగరం):
మేకు బొంగరం అప్పుడే వద్దండీ, తాడుతో విసిరితే ఎవరి కాలి మీద పడుతుందో తెలీదు. ఊళ్లో తాతలెవరైనా వచ్చి విసిరి, తిరుగుతుండగానే అరచేతిలోకి ఎక్కించుకుంటే పిల్లలు దూరంగా కూర్చుని చూడొచ్చు. చేతికి మాత్రం ఏటికొప్పాక లక్క బొంగరం ఇవ్వండి. అంకుడు కర్రని తిప్పుతూ చెక్కుతారు కాబట్టి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. దాన్నీ అట్ట బొంగరాన్నీ పక్కపక్కన పెట్టి తిప్పితే తేడా వాళ్లకే కనిపిస్తుంది. ఎక్కువసేపు తిరగాలని పోటీ మాత్రం పెట్టకండి, వెనకబడిన పిల్లలు తమది పక్కన పడేస్తారు.

ప్రశ్న అడిగిన టీచర్:
చాలా థాంక్సండీ. పెన్సిల్ ముక్కలకి మా క్లాసులో కొదవే లేదు, మట్టి చెరువు గట్టు నుంచి తెప్పిస్తాను. పోటీ పెట్టను.