ప్రకటన 20లో "వెయ్యి సంవత్సరములు": లెక్కా, నుడికారమా?

నరసాపురం:
బైబిల్లోని ప్రకటన గ్రంథం మీద నిన్నటి పోస్టు కింద ఒకరు "ప్రవచనాల్ని అక్షరాలా చదివేవాళ్లకు భాష ఎలా పనిచేస్తుందో తెలియదు" అని రాశారు. రాసింది సాటి విశ్వాసి కాబట్టి కొంచెం ఎక్కువ గుచ్చుకుంది. ఈ గ్రూపులో మత చర్చ వద్దన్న నియమం తెలుసు. అభియోగం భాష మీదే గనుక జవాబు కూడా భాషలోనే చెబుతాను.

మన ఇళ్లలో ఉండే పాత అనువాదంలో ప్రకటన 20:4, 5 ఇలా నడుస్తాయి: "వారు బ్రదికినవారై, వెయ్యిసంవత్సరములు క్రీస్తుతోకూడ రాజ్యము చేసిరి. ఆ వెయ్యి సంవత్సరములు గడచువరకు కడమ మృతులు బ్రదుకలేదు. ఇదియే మొదటి పునరుత్థానము." సంఘాల్లో దీన్నే వెయ్యేండ్ల పరిపాలన అంటాం. మా బ్రదరన్ సంఘాల్లో ఇది క్రీస్తు తిరిగి వచ్చాక ఈ భూమ్మీద జరగబోయేది. లూథరన్ బోధలో ఇది ఇప్పుడు నడుస్తున్న సంఘకాలమే, వెయ్యి అంటే దేవుడు నిర్ణయించిన నిండు కాలం అని అర్థం. 1836లో బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టాయి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చాడు. ఎవరి ఊరికి ఏ దొర వచ్చాడో దాన్నిబట్టి మనకు వెయ్యేళ్ల అర్థం స్థిరపడింది అనుకోవచ్చు. అందుకే ఊళ్లను పక్కనపెట్టి వాక్యాన్ని చూద్దాం.

"అక్షరార్థం" అన్న పేరే మాకు తంటా తెచ్చింది. ప్రకటన 20:2లోని ఘటసర్పం అంటే నిజంగా పాము అని మాలో ఎవరూ నమ్మరు. "ఆదిసర్పమును, అనగా అపవాదియు సాతానును" అని ఆ వచనమే విప్పి చెబుతోంది. ఏడు నక్షత్రాలు ఏడు సంఘాల దూతలని 1:20 చెబుతుంది, వేశ్య కూర్చున్న జలాలు ప్రజలని 17:15 చెబుతుంది. గుర్తు ఉన్నచోట గుర్తుగానే చదువుతాం. మేం అడిగేదొక్కటే: వాచ్యార్థం కుదురుతున్నచోట దాన్ని పక్కకు నెట్టడానికి కారణం చూపించమని.

ఇది మన అలంకారశాస్త్రానికి కొత్త సంగతేం కాదు. "గంగాయాం ఘోషః", గంగలో గొల్లపల్లె ఉంది అంటే లక్షణతో (మాటకు నేరుగా వచ్చే అర్థం వదిలి, దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడంతో) "గంగ ఒడ్డున" అని తీసుకుంటాం. ఎందుకు? నీళ్ల మీద పల్లె నిలవదు గనుక. ముందు ముఖ్యార్థానికి బాధ కలగాలి, అంటే నేరుగా వచ్చే అర్థం కుదరకపోవాలి, ఆ తర్వాతే లక్షణ. "వేయికొండలమీది పశువులన్నియు" దేవునివి అని కీర్తన 50:10 అంటుంది. అక్కడ వెయ్యిని లెక్కగా పట్టుకుంటే వెయ్యిన్నొకటో కొండ మీది పశువులు ఎవరివి అన్న ప్రశ్న వస్తుంది. బాధ కలిగింది, కాబట్టి లక్షణ. ప్రకటన 20లో అలాంటి బాధ ఎక్కడుంది?

హనుమకొండ:
నేను క్రైస్తవుణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. శాస్త్రం తెచ్చారు కాబట్టి శాస్త్రమే అడుగుతాను. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు ముఖ్యార్థబాధతో ఆపలేదు. తద్యోగం, అంటే ముఖ్యార్థంతో సంబంధం ఉండాలన్నాడు, ఆపైన రూఢి (వాడుకలో స్థిరపడ్డ అర్థం) గాని ప్రయోజనం గాని ఉండాలన్నాడు. రూఢి దగ్గర మీ వాదం చిక్కులో పడుతుంది. "వాడికి నూరేళ్లూ నిండాయి" అంటాం. పోయినవాడికి ముప్పై ఏళ్లే ఉండొచ్చు. అక్కడ అంకె ఉంది, "నిండాయి" అన్న ముగింపూ ఉంది, అయినా లెక్క కాదు. మీ వచనంలో "గడచువరకు" ఉంది కాబట్టి లెక్కే అనడానికి వీల్లేదు.

నరసాపురం:
మాస్టారూ, ఈ ప్రశ్న అడగడానికి మీలాంటివారే కావాలి. గ్రీకు మూలం మీద మావాళ్లు వాదించేటప్పుడు ఈ ఉదాహరణ ఎవరికీ తట్టదు.

రూఢి అచ్చు మారకుండా ఉన్నంతసేపే రూఢి. "నూరేళ్లూ నిండాయి" అనగానే అర్థమవుతుంది. అదే మాటను "ఆ నూరేళ్లకు ముందు ఇది జరిగింది, ఆ నూరేళ్లు గడిచాక కొన్నాళ్లకు అది జరిగింది, ఆ నూరేళ్లపాటు ఫలానావాడు ఖైదులో ఉన్నాడు" అని సాగదీస్తే వినేవాడికి నుడికారం జారిపోయి లెక్క మిగులుతుంది. ప్రకటన రాసిన యోహాను చేసింది అదే. 2వ వచనం నుంచి 7వ వచనం దాకా వచనానికి ఒకసారి చొప్పున ఆరుసార్లు ఈ మాట వస్తుంది. మధ్యలో 3వ వచనం చూడండి: "అటుపిమ్మట వాడు కొంచెము కాలము విడిచి పెట్టబడవలెను." లెక్క చెప్పకుండా కాలం గురించి మాట్లాడాలంటే ఆయన దగ్గర మాట లేక కాదు. "కొంచెము కాలము" అని వాడాడు కూడా. దాని పక్కనే "వెయ్యి సంవత్సరములు" అని ఆరుసార్లు అన్నాడు. రెండూ లెక్కలేని కాలాలే అయితే ఈ తేడా దేనికి?

గుంటూరు:
బ్రదర్, వందనాలు. నిన్నటి కామెంట్ నాది కాదు గానీ అభిప్రాయం నాకూ దగ్గరదే. "ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను" అని 2 పేతురు 3:8లో ఉంది కదా. దేవుడి లెక్కలో వెయ్యి వెయ్యి కాదు.

రెండోది దీనికన్నా పెద్దది. యోహాను సువార్త 5వ అధ్యాయంలో 25వ వచనం "మృతులు దేవుని కుమారుని శబ్దము విను గడియ వచ్చుచున్నది, ఇప్పుడే వచ్చియున్నది" అంటుంది. అది ఆత్మసంబంధమైన బ్రతుకు. వెంటనే 28, 29లో సమాధుల్లో ఉన్నవారందరూ లేస్తారు, అది శరీర పునరుత్థానం. ఒకే ప్రసంగంలో రెండు రకాల బ్రతుకులు. ప్రకటన 20లోనూ అంతే అంటే తప్పేముంది?

నరసాపురం:
పేతురు మాట త్వరగా తేలిపోతుంది. "వలె" అన్నది ఉపమావాచకం. ఉపమానం నిలబడాలంటే దినం దినంగానే, వెయ్యేళ్లు వెయ్యేళ్లుగానే ఉండాలి. ఒకటి చాలా చిన్నది, ఇంకోటి చాలా పెద్దది అన్నది పోతే ఆ వచనంలో చెప్పడానికి ఏమీ ఉండదు. అది దేవుని ఓర్పు గురించిన మాట, అంకెల్ని మార్చుకునే సూత్రం కాదు.

యోహాను 5 అలా తేలదు, ఒప్పుకుంటాను. మీ వైపు వాదాల్లో బలమైనది అదే. అయితే ఆ ప్రసంగం రెండు బ్రతుకుల్నీ ఎలా వేరుచేసిందో గమనించండి. మొదటిదానికి "ఇప్పుడే వచ్చియున్నది" అన్న గుర్తు పెట్టింది. రెండోదానికి ఆ మాట తీసేసి "సమాధులలో నున్నవారందరు" అని చేర్చింది. వినేవాడు పొరబడకుండా రెండు చోట్లా ఆనవాలు ఉంది.

ప్రకటన 20లో ఆ ఆనవాలు లేదు. 4లో "బ్రదికినవారై", 5లో "బ్రదుకలేదు". గ్రీకులోనూ రెండు చోట్లా ఒకే క్రియ, ఒకే రూపం: ఎజేసన్. కడమ మృతులు బ్రదకడం అంటే శరీరంతో లేవడమే అని మీరూ అంటారు. పక్క వాక్యంలో అదే క్రియకు ఇంకో అర్థం ఎలా వస్తుంది? 19వ శతాబ్దపు ఆంగ్లికన్ పండితుడు హెన్రీ ఆల్ఫర్డ్ ఇక్కడే పట్టుబట్టాడు. మొదటి పునరుత్థానం ఆత్మసంబంధమనీ, రెండోది అక్షరాలా జరిగేదనీ అంటే ఇక భాషకు అర్థమన్నదే పోతుంది అన్నాడు. ఆయన మా బ్రదరన్ బోధకుడు డార్బీ అనుచరుడు కాదు, కాంటర్బరీ కేథడ్రల్‌కు డీన్‌గా ఉన్నవాడు.

ఇంకో సంగతి. 4వ వచనంలో బ్రదికింది ఎవరు? "శిరచ్ఛేదనము చేయబడినవారి ఆత్మలు." అంటే అప్పటికే విశ్వసించి, సాక్ష్యమిచ్చి, దానికోసం తల పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లు చనిపోయాక మారుమనసు పొంది ఆత్మలో బ్రదికారనడం కుదరదు. అక్కడ పోయింది తల, కాబట్టి తిరిగి రావలసింది శరీరమే. ఇదే పుస్తకం 2:8లో క్రీస్తును "మృతుడై మరల బ్రదికినవాడు" అంటుంది. అక్కడా అదే క్రియ. "మరల" అన్నది మన అనువాదకులు చేర్చిన మాట.

గుంటూరు:
వాళ్ల ఆత్మలు పరలోకంలో క్రీస్తుతో జీవించాయి అన్న అర్థం కూడా ఉంది బ్రదర్. మారుమనసు అని మేం అనడం లేదు. తెలుగులో కూడా "బతికారు" అంటే తిరిగి లేచారని కాదు కదా, జీవించారు అని కూడా.

నరసాపురం:
తెలుగులో రెండూ కుదురుతాయి, నిజం. గ్రీకులోనూ కుదురుతాయి. కానీ "జీవించారు" అని తీసుకుంటే 5వ వచనం "కడమ మృతులు వెయ్యేళ్లు గడిచేదాకా జీవించలేదు" అవుతుంది. గడిచాక జీవించారన్నమాట. వాళ్లకు అప్పుడు దొరికింది పరలోక జీవితమా? కాదని మీరే అంటారు. మళ్లీ ఒకే క్రియకు రెండు అర్థాలు చెప్పాల్సి వస్తుంది. పైగా దీన్ని "పునరుత్థానము" అని ఆ వచనమే పేరు పెట్టి పిలిచింది.

హనుమకొండ:
వాక్యం వరకు మీ పక్షం బలంగా ఉంది. కానీ తొలి పాఠకులు ఎలా చదివారు? రూఢి తేలాలంటే అదీ చూడాలి.

నరసాపురం:
రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ యూదుడైన ట్రైఫోతో సంభాషణలో యెరూషలేములో వెయ్యేళ్లు అని సూటిగా రాశాడు. అదే శతాబ్దపు బిషప్ ఐరేనియస్‌ది కూడా అదే మాట. అయితే పవిత్రులైన క్రైస్తవుల్లోనే దీన్ని ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారని జస్టిన్ అక్కడే రాశాడు. మమ్మల్ని సమర్థించేవాళ్లు సగం ఎత్తిచూపి సగం దాచిపెట్టే చోటు ఇది. నేను దాచను. విశ్వాసులు అప్పుడూ రెండుగానే ఉన్నారు, అప్పుడు కూడా ఒకరినొకరు క్రైస్తవులనే పిలుచుకున్నారు. ఆ మర్యాద నిన్నటి కామెంట్‌లో లేదు.

బిషప్ అగస్టీన్ ఒకప్పుడు తానూ వెయ్యేళ్లను నమ్మానని 'దేవుని పట్టణం' అన్న తన గ్రంథం 20వ భాగంలో చెప్పుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని, పది ఘనం వెయ్యి కాబట్టి అది సంపూర్ణతకు గుర్తు అన్నాడు. నాకైతే ఆ లెక్క తెలివిగానే కనిపిస్తుంది గాని వచనంలో కనిపించదు.

డాలస్:
ఇదంతా సరే అన్నయ్యా. అక్షరాలా చదివేవాళ్లే కదా తేదీలు చెప్పి పరువు తీసేది? ప్రకటన 13లోని క్రూరమృగం సంఖ్యను పట్టుకుని బార్ కోడ్ 666, టీకా 666, ఆధార్ 666 అని వాట్సాప్‌లో తిప్పేది మనవాళ్లే. ఇక్కడ మా చర్చిలో పిల్లలు నవ్వుతున్నారు. విమర్శ ఊరికే రాదు.

నరసాపురం:
తమ్ముడూ, నవ్వనివ్వు. కానీ దేన్ని చూసి నవ్వుతున్నారో చూడు. 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని విలియం మిల్లర్ అనుచరులు ఎదురుచూశారు. ఆ తేదీ దానియేలు 8:14 నుంచి వచ్చింది. అక్కడున్నది రెండువేల మూడువందల దినాలు. వాళ్లు దినాన్ని సంవత్సరం చేసి లెక్క కట్టారు. దినాన్ని దినంగా ఉంచి ఉంటే ఆ తేదీ పుట్టేదే కాదు. ప్రకటన 9లోని మిడతల్ని హెలికాప్టర్లు అన్నవాళ్లదీ ఇదే దారి. ఆ మృగపు ముద్ర సంగతికొస్తే ప్రకటన 13:16లో అది కుడిచేతి మీదో నొసటి మీదో ఉంటుంది. పర్సులో ఉన్న ఆధార్ కార్డు నొసటి మీదికి ఎలా ఎక్కింది? ఆ వాట్సాప్ మెసేజ్ రాసినవాడు అక్షరాలా చదవనే లేదు. అక్షరాన్ని గాలికొదిలి, ఆ తప్పును మా ఖాతాలో రాశాడు.

అక్షరాలా చదవడం ఎలా ఉంటుందో చూడాలంటే దానియేలు 9:2. యెరూషలేము పాడుగా ఉండే కాలం డెబ్బై సంవత్సరాలు అని యిర్మీయా రాసింది దానియేలు చదివి, డెబ్బై నిండవస్తున్నాయని గ్రహించి, ఉపవాసముండి ప్రార్థనకు కూర్చున్నాడు. ఒక ప్రవక్త ఇంకో ప్రవక్త రాసిన అంకెను ఎలా చదివాడో బైబిల్లోనే ఉంది.

గుంటూరు:
అదే అధ్యాయం 24వ వచనంలో "డెబ్బది వారములు" ఉంది. దాన్ని మాత్రం మీరు 490 ఏళ్లు చేసేస్తారు! దినాన్ని సంవత్సరం చేయడం మిల్లర్‌కు తప్పు, మీకు ఒప్పా?

నరసాపురం:
దెబ్బ బాగా కొట్టారు. కానీ హెబ్రీలో ఉన్నది "డెబ్బై ఏడులు". వేటి ఏడులు అన్నది సందర్భం చెప్పాలి, డెబ్బై సంవత్సరాల మాట అప్పుడే నడిచింది. లేవీయకాండము 25:8లో ఏడేసి సంవత్సరాల లెక్క ఉంది. తర్వాతి అధ్యాయంలో, 10:2లో, తాను దుఃఖపడిన మూడు వారాల గురించి చెప్పేటప్పుడు హెబ్రీలో "దినములు" అన్న మాట అదనంగా చేరింది. "వారములు" అన్న అనువాదం వల్ల మనకు ఇది కనబడదు.

గుంటూరు:
దీని మీద ఆలోచిస్తాను. మా లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 17వ అంశం మీ బోధను 1530లోనే తోసిపుచ్చిందని మాత్రం గుర్తుచేస్తాను.

నరసాపురం:
ఆ అంశం తోసిపుచ్చింది మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుంటారన్న బోధను. మేం చెప్పేది మొదటి పునరుత్థానం తర్వాత, అదీ రాజే వచ్చాక. ఆ బాణం మా పక్కనుంచి పోయింది.

మా పద్ధతికి నిజంగా గట్టి పరీక్ష వేరేచోట ఉంది, మీరు ఇంకా దాన్ని ఎత్తలేదు. యెహెజ్కేలు 40 నుంచి 48 దాకా ఆలయం కొలతలు మూరల్లో ఉన్నాయి. అక్కడ పాపపరిహారార్థబలి కూడా ఉంది. అక్షరాలా అయితే ఆ బలులు మళ్లీ జరగాలి. హెబ్రీయులకు 10:18 ఇక ఆ బలి ఉండదంటోంది. అవి జ్ఞాపకార్థం అని మావాళ్లు జవాబిస్తారు, కానీ 45:15లో ప్రాయశ్చిత్తం అన్న మాటే ఉంది. మనం అనుకున్న ముఖ్యార్థబాధ ఇక్కడ కలుగుతోంది, కాబట్టి లక్షణకు చోటుందని నేననుకుంటాను. మా సంఘంలో ఈ మాటకు ఒప్పుకోనివారు ఉన్నారు.

దీనికి వేరే పోస్టు పెడదాం. ఈసారి గుంటూరు బ్రదరే మొదలుపెట్టాలి. 43వ అధ్యాయం 18 నుంచి 27 దాకా వచనాలు పూర్తిగా టైప్ చేసి పెట్టండి, ఫోటోలు వద్దు. మాస్టారూ, మీరూ ఉండాలి.