వీటీఎల్ నుంచి ఎల్‌టీఓ టేపుకి కాపీ నత్తనడక నడుస్తోంది, ఏం చేయాలి?

నైట్‌షిఫ్ట్_సీను:
అన్నలూ, మా బ్యాకప్‌లన్నీ డీడూప్ (ఒకేలాంటి డేటా ముక్కల్ని ఒక్కసారే దాచే పద్ధతి) ఉన్న వీటీఎల్‌కి, అంటే టేప్ లైబ్రరీలా నటించే డిస్కుల పెట్టెకి, పోతాయి. ఒక కాపీ బిల్డింగ్ బయట ఉండాల్సిందేనని ఆడిటర్లు పట్టుబట్టడంతో రెండు ఎల్‌టీఓ-8 (ఎల్‌టీఓ టేపుల్లో ఎనిమిదో తరం) డ్రైవులున్న టేప్ లైబ్రరీ కొన్నారు. వారాంతపు ఫుల్ బ్యాకప్ 10 టీబీ. డ్రైవ్ వేగం సెకనుకి 360 ఎంబీ అంటారు గానీ మాకు 90 దాటట్లేదు, పైగా అది ఆగి ఆగి మొదలవుతోంది. సోమవారం పొద్దుటికి కూడా అవ్వక టెన్షన్. వీటీఎల్‌లోనే నేరుగా టేపుకి ఎక్స్‌పోర్ట్ చేసే ఆప్షన్ ఉంది, అది వాడొచ్చా?

టేపుల_తాత:
డ్రైవ్‌ది తప్పు కాదు తమ్ముడూ. డీడూప్ అయిన డేటా డిస్కుల నిండా ముక్కలుగా చెల్లాచెదురై ఉంటుంది, టేపుకి రాయాలంటే వాటన్నిటినీ ఏరుకొచ్చి మళ్లీ పూర్తి డేటాగా కూర్చాలి, అక్కడే ఆలస్యం. డేటా చాలినంత అందకపోతే డ్రైవ్ టేపుని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ పరుగు అందుకుంటుంది. షూషైనింగ్ అనేది దీన్నే, టేపూ హెడ్డూ రెండూ అరుగుతాయి. రెండు డ్రైవులూ కలిపి నడిపితే ఉన్న కాస్త డేటానీ పంచుకుని రెండూ పస్తులుంటాయి, ముందు ఒక్కదానితో చూడు. 360 అందితే 10 టీబీ ఎనిమిది గంటల్లోపే. వీటీఎల్ క్లీనింగ్ (పనికిరాని డేటా ముక్కల్ని తుడిచేసే పని) నడిచే టైమ్‌లో మాత్రం కాపీ పెట్టకు.

బార్‌కోడ్_బాబు:
ఎక్స్‌పోర్ట్ జోలికి వెళ్లకండి. చాలా వీటీఎల్‌లలో వర్చువల్ టేపుకీ అసలు టేపుకీ ఒకటే బార్‌కోడ్, రెండో కాపీ ఉందని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి తెలియనే తెలియదు. 200 జీబీ వర్చువల్ టేపుని ఒకటికి ఒకటిగా 12 టీబీ క్యాట్రిడ్జ్ మీదికి ఎక్కిస్తే మిగతాదంతా వృథా. అదే నెట్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో లైఫ్‌సైకిల్ పాలసీ (ఏ కాపీ ఎక్కడ, ఎన్నాళ్లు ఉండాలనే నియమం) పెడితే రెండో కాపీ క్యాటలాగ్‌లో, అంటే ఏ డేటా ఏ టేపు మీద ఉందో చెప్పే జాబితాలో, ఎక్కుతుంది, వీటీఎల్‌లో నెల, టేపు మీద ఏడేళ్లు అని విడిగా పెట్టుకోవచ్చు.

కీచైన్:
బాబు గారితో పూర్తిగా ఏకీభవించను, మీడియా సర్వర్ (బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తరఫున డేటాని టేపుకి పంపే మెషీన్) బక్కదైతే ఎక్స్‌పోర్టే గతి. టేపు బయటికి పోతుంది కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, ఎల్‌టీఓ-4 నుంచీ డ్రైవులోనే 256 బిట్ ఏఈఎస్ ఉంది. కీల కాపీ, క్యాటలాగ్ బ్యాకప్ కూడా బయట ఉండాలి, కానీ టేపులున్న పెట్టెలోనే కీలు పెట్టకండి.

నైట్‌షిఫ్ట్_సీను:
థాంక్స్ అన్నా, ఈ శనివారం ఒక్క డ్రైవే. ఏడేళ్లంటే, రేపు ఎల్‌టీఓ-9 కొంటే ఈ టేపులు చదువుతుందా?

టేపుల_తాత:
చదువుతుంది, రాస్తుంది కూడా. ఎల్‌టీఓ-7ని మాత్రం ముట్టదు. కొత్త ఎల్‌టీఓ-9 క్యాట్రిడ్జ్ మొదటిసారి పెట్టినప్పుడు క్యాలిబ్రేషన్‌కి రెండు గంటల దాకా పట్టొచ్చు, డ్రైవ్ పాడైందని టికెట్ వేయకు.